శంషాబాద్ నుంచి దుబాయ్: రెండున్నర గంటలా, నాలుగు గంటలా?

అందరికీ నమస్తే. మాది జడ్చర్ల. దుబాయ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి అమ్మను పంపిస్తున్నాం. ఆమె విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, పైగా షుగర్ ఉంది.

టికెట్ మీద శంషాబాద్‌లో ఉదయం 10:00కు బయల్దేరి, దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కు దిగుతుందని ఉంది. ఇంట్లో వాళ్లేమో రెండున్నర గంటలే కదా అంటున్నారు. గాల్లో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, అంత తొందరగా ఎట్లా పోతుంది? అక్కడి టైమ్ మనకంటే గంటన్నర వెనక కాబట్టి, ప్రయాణం నాలుగు గంటలని నా లెక్క. కరెక్టేనా?

అసలు టెన్షన్ ఇక్కడే. ఆమె దిగేసరికి మన టైమ్ రెండవుతుంది. రోజూ ఒంటి గంటకల్లా ఇన్సులిన్ వేసుకుని తింటుంది. ఇన్సులిన్ పెన్ను, జొన్న రొట్టెలు, పల్లి పొడి చేతి సంచిలోనే పెడుతున్నాం. సీట్లోనే ఇంజెక్షన్ వేసుకుంటే ఏమైనా అంటారా? సెక్యూరిటీ దగ్గర డాక్టర్ చీటీ అడుగుతారా? దిగాక ఇమిగ్రేషన్ లైన్‌లో ఎంతసేపు పడుతుంది? వీల్‌చైర్ పెట్టిస్తే తొందరగా పంపిస్తారని ఒకరన్నారు, నిజమేనా?

ఇంకొకటి. ఏడింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలంటే జడ్చర్ల నుంచి ఐదింటికి కారు తీస్తే సరిపోతుందా, షాద్‌నగర్ దాటాక ఆ టైమ్‌లో ట్రాఫిక్ ఉంటుందా? ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.