బొమ్మల డయల్: ఎనామెలా, ప్రింటా?

ప్రశ్న: జూల్ వెర్న్ 1863 నవల ఆధారంగా వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ 2010లో తెచ్చిన బెలూన్ వాచీ లాంటిది సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను. డయల్ మీది బొమ్మ అసలు ఎనామెలేనని (లోహం మీద కాల్చి అతికించిన రంగు గాజేనని) ఎలా తెలుస్తుందండీ?

జవాబు 1: 10ఎక్స్ లూప్ (పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం) తీసుకుని, లైటు పక్కనుంచి పెట్టి చూడండి. ప్రింటైతే రంగు సమానమైన చుక్కలుగా విడిపోతుంది. ఎనామెల్‌లో రంగు గాజు లోపల ఉన్నట్టు లోతుగా ఉంటుంది. సూదిమొనంత బుడగ కనిపిస్తే భయపడొద్దు. గీతలాంటి పగులుంటే మాత్రం వదిలేయండి.

జవాబు 2: పగులు ముందుగా ముళ్ల రంధ్రం చుట్టూ, డయల్ కాళ్ల (డయల్‌ను యంత్రానికి బిగించే వెనకవైపు చిన్న కడ్డీల) పైన వెతకండి. గాజుపొడిని రేకు మీద పరిచి, సుమారు 800 డిగ్రీల దగ్గర పొర పొరకీ కాలుస్తారు. చల్లారేటప్పుడు లోహం, గాజు ఒకేలా కుంచించుకోవు. అందుకే డయల్ వంగి పగలకుండా వెనకవైపు కూడా ఎనామెల్ పూస్తారు. పగిలాక మళ్లీ కాలిస్తే పాత రంగులూ కరుగుతాయి, కాబట్టి రిపేరు దాదాపు కుదరదు.

ప్రశ్న: టైమ్ సెట్ చేసేటప్పుడు రెట్రోగ్రేడ్ ముళ్లను (చివరిదాకా వెళ్లి ఒక్కసారిగా మొదటికి దూకే ముళ్లను) వెనక్కి తిప్పొచ్చా?

జవాబు 1: వద్దండీ. ముల్లును నడిపే స్నెయిల్ క్యామ్ (నత్తగుల్ల ఆకారపు చక్రం) మెట్టుకు, దాని మీద జారే లివర్ మొన తగిలి వంగొచ్చు. ముందుకే, నెమ్మదిగా తిప్పండి.