222–0: జాన్ హైస్‌మన్‌ను తప్పుపట్టాలా?

అట్లాంటా వాసి:
అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే ట్రోఫీ జాన్ హైస్‌మన్ పేరున ఉంది. బ్రౌన్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల జట్లలో ఆడి, 1892లో ఓబర్లిన్ కాలేజీలో కోచ్‌గా మొదలై, 1904 నుంచి 1919 వరకు జార్జియా టెక్ విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్‌గా ఉన్న ఆయన, 1916 అక్టోబరు 7న మా ఊళ్లోనే కంబర్లాండ్ కాలేజీపై 222–0తో గెలిచారు. ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేసుకున్న కాలేజీ హడావిడిగా పోగుచేసిన విద్యార్థులపై అన్ని పాయింట్లు చేయించిన మనిషిని ఆదర్శంగా నిలపడం నాకు సమ్మతం కాదు.

పాత కోచ్:
రాకపోతే 3,000 డాలర్లు చెల్లించాలన్న ఒప్పందం ఉన్నందువల్లే వారు వచ్చారు. పైగా అదే ఏడాది బేస్‌బాల్‌లో కంబర్లాండ్ టెక్‌ను 22–0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో కంబర్లాండ్ డబ్బుకు ఆడేవారిని దింపిందన్న ఆరోపణ కూడా ఉంది. టెక్ బేస్‌బాల్ జట్టుకూ హైస్‌మనే కోచ్, అంటే ఆ ఓటమి ఆయనదే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో ముందుకు విసరడాన్ని 1906లో నియమావళిలో చేర్చేదాకా పట్టువదలక వాదించిన వారిలో ఒకరైన ఆయనను ఒక్క మధ్యాహ్నంతో కొలవడం అన్యాయం.

ఖమ్మం పాఠకుడు:
రెండో అర్ధభాగం సమయాన్ని తగ్గించారు కదా, అది దయ కాదా?

అట్లాంటా వాసి:
విరామానికే 126–0 అయింది. సమయం తగ్గించాక కూడా మరో 96 పాయింట్లు చేసినప్పుడు దానిని దయ అని ఎలా అంటామండీ?

పాత కోచ్:
తగ్గించారా లేదా అన్నదే ప్రశ్న, తగ్గించారు. మైదానంలో నిలబడని వారికి ఇది అర్థం కాదు. ఒక జిల్లా పోటీలో మా కబడ్డీ పిల్లలు బాగా ముందున్నప్పుడు నెమ్మదించమన్నాను. అవతలివారు పుంజుకుని గెలిచారు. ఆ ఏడాది నా విద్యార్థి ఒకడు క్రీడా కోటా సీటు పోగొట్టుకున్నాడు. వాళ్ల నాన్నగారు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

అట్లాంటా వాసి:
మైదానం గురించి నాకు చెప్పకండి. పదేళ్ల మా అమ్మాయి సాకర్ జట్టు 14–0తో వెనుకబడినా, అవతలి కోచ్ చివరి నిమిషం దాకా ఇంకొకటి కొట్టమని అరుస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చి బూట్లు అలమరాలో పెట్టిన పిల్ల మళ్లీ తీయలేదు. ఒప్పందం, బేస్‌బాల్, గడియారం, ఇవేవీ నా ప్రశ్న కాదు. ఎదుటి జట్టులోని పిల్లల పట్ల కోచ్‌కు బాధ్యత ఉందా, లేదా?

పాత కోచ్:
ఆ సంగతి ముందే చెప్పి ఉంటే గొంతు పెంచేవాడిని కాదు, మన్నించండి. అయినా నా జవాబు మారదు. నన్ను నమ్మి వచ్చిన పిల్లలకే నేను ముందుగా జవాబుదారీని.

అట్లాంటా వాసి:
126 దగ్గర మీరుంటే ఏం చేసేవారు?

పాత కోచ్:
ముఖ్య ఆటగాళ్లను కూర్చోబెట్టి, ఏడాదంతా బెంచీ మీదున్నవారిని దింపేవాడిని. కానీ ఎన్నాళ్లకో ఆడే అవకాశం దొరికిన ఆ కుర్రవాళ్లతో పాయింట్లు చేయవద్దని మాత్రం అనలేను.