ఎర్రగుడి శాసనంలోని ఎద్దు నడక గ్రీకుల నుంచి వచ్చిందా?

ప్రశ్న (గుత్తి నుంచి)

గత ఆదివారం మా అబ్బాయిని వెంటబెట్టుకొని ఎర్రగుడి దగ్గరి అశోకుని శిలాశాసనాలు చూసి వచ్చాను. అక్కడి కాపలాదారు లఘు శాసనం ముందు నిలబడి, కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ నడుస్తాయని గాలిలో వేలితో గీసి చూపించారు. ప్రాచీన గ్రీకులు కూడా ఇలాగే రాసేవారనీ, ఆ పద్ధతికి వారు పెట్టుకున్న 'బూస్ట్రొఫెడాన్' అనే పేరుకు '(దున్నేటప్పుడు) ఎద్దు మళ్లినట్టు' అని అర్థమనీ ఇంటికి వచ్చాక చదివాను. అశోకుని పదమూడవ శాసనంలో అంతియోక, తులమాయ మొదలైన యవన రాజుల పేర్లు ఎలాగూ ఉన్నాయి కదా. అలాంటప్పుడు మన లేఖకుడు ఈ రాత గ్రీకుల దగ్గరే నేర్చుకొని ఉంటాడని అనుకోవచ్చా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

సమాధానం (అనంతపురం నుంచి)

అనుమానం సహజమైనదే కాని, కాలం లెక్క కుదరదండీ. గ్రీకులు అక్షరాలను మధ్యధరా తూర్పు తీరపు వర్తక జాతి అయిన ఫినీషియన్ల దగ్గర తీసుకున్నారు. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడిచేది కాబట్టి, తొలినాటి గ్రీకు రాతలు కూడా చాలావరకు అలాగే ఉంటాయి. ఏథెన్సులో 1871లో దొరికిన, సుమారు క్రీ.పూ. 740 నాటి మట్టి కూజా ఒకటుంది; నాట్యమాడేవారిలో అందరికన్నా ఎవరు సుకుమారంగా ఆడతారో అన్న అర్థం వచ్చేలా దాని మెడ చుట్టూ గీకిన వాక్యం కుడివైపు నుంచే మొదలవుతుంది. ఆ తరువాతి కాలంలో ఒక పంక్తి ఇటు, ఒక పంక్తి అటు రాసే అలవాటు బాగా వ్యాపించింది. దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ క్రీట్ దీవిలోని గోర్టిన్ నగరపు న్యాయశాసనం. క్రీ.పూ. 5వ శతాబ్ది నడిమి కాలంలో 12 నిలువు వరుసల్లో, 600కు పైగా పంక్తుల్లో దానిని రాతిగోడ మీద చెక్కారు. పంక్తి వెనుదిరిగినప్పుడల్లా అక్షరం కూడా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

అయితే గోర్టిన్‌లో ఆ గోడ చెక్కేనాటికే మిగతా గ్రీసులో చాలాచోట్ల ఎడమ నుంచి కుడికి రాయడం స్థిరపడుతూ వచ్చింది. అశోకుడు క్రీ.పూ. 3వ శతాబ్ది వాడు. ఆయన పేర్కొన్న రాజుల కాలానికి ఎద్దు నడక రాత గ్రీకులకే పాతబడిపోయింది. కాందహార్‌లో 1958లో వెలుగుచూసిన అశోకుని గ్రీకు శాసనమే ఇందుకు సాక్ష్యం: అందులో 'ధర్మం' అన్న మాటకు 'యూసెబియా' అనే గ్రీకు పదం వాడారు, పంక్తులన్నీ ఎడమ నుంచి కుడికే నడుస్తాయి.

నా మట్టుకు నేను వేరే వైపు చూస్తాను. మన పొరుగున చిత్రదుర్గం జిల్లాలో ఉన్న బ్రహ్మగిరి అశోక శాసనం బ్రాహ్మీ లిపిలో ఉంది; దాని చివర చపడుడనే లేఖకుడు తన పేరు రాసుకొని, 'లిపికరేణ' (లేఖకుని చేత) అన్న మాటను మాత్రం ఖరోష్ఠిలో చెక్కాడు. ఖరోష్ఠి కుడి నుంచి ఎడమకు రాసే వాయవ్య ప్రాంతపు లిపి. రెండు లిపులూ చేతికి అలవాటైన లేఖకులు ఈ సీమలో తిరిగారని దీనివల్ల తెలుస్తుంది. ఎర్రగుడి లేఖకుడూ అలాంటివాడే కావచ్చునన్నది నా ఊహ మాత్రమే.

సమాధానం (కడప జిల్లా నుంచి)

చరిత్ర విషయంలో పై వారితో పేచీ లేదు. సేద్యగాడిగా ఒక్క మాట. మా ఊళ్లో మడకతో దున్నేటప్పుడు కొండ్ర పట్టి చుట్టూ తిరుగుతాము. గెనిమ దాకా పోయి పక్క సాలులోనే వెనక్కి మళ్లేది గొర్రుతో విత్తేటప్పుడు. అందువల్ల ఆ పేరు వినగానే నాకు మడక కన్నా వేరుశనగ విత్తే గొర్రే గుర్తుకు వచ్చింది.

ఇంకొకటి. గ్రీకుల నుంచి మనకు నిజంగా ఏం వచ్చిందని వెతికేవారు రాతిమీద కన్నా జాతకచక్రంలో చూడడం మేలు. 'హోర', 'కేంద్రం' అన్నవి గ్రీకు మాటలు. జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి వచ్చి, అక్కడి నుంచి మనకు చేరాయి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గొర్రు సంగతి చదివి మా నాయన చాలాసేపు నవ్వారు. ఇంతకూ గోర్టిన్ గోడ మీద అంత పొడవున ఏం రాశారని మా అబ్బాయి అడుగుతున్నాడు.

సమాధానం (అనంతపురం నుంచి)

ఎక్కువభాగం ఇంటి తగాదాలేనండీ: వారసత్వం, దత్తత, విడాకులు, బానిసల మీద హక్కులు. తండ్రి ఆస్తిలో కొడుక్కు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఊళ్లోని ఇళ్లూ పశువులూ మాత్రం కొడుకులకే. భార్యాభర్తలు విడిపోతే, ఆమె తాను తెచ్చుకున్న ఆస్తిని తీసుకుపోవచ్చు. ఆ ఆస్తి మీద వచ్చిన పంటలో సగమూ, ఆ ఇంట్లో తాను నేసినదానిలో సగమూ ఆమెవే. తప్పు భర్తదైతే పైన ఐదు స్టేటర్ల నాణేలు అతడే ఇవ్వాలి.