సినిమా ముగిశాక ఎక్కడి గొంగళి అక్కడేనా? ‘మై హీరో అకాడెమియా’ చిత్రాలపై చర్చ

మాంగా చదువరి:
హొరికోషి కోహే 2014లో మొదలుపెట్టి 2024లో ముగించిన ‘మై హీరో అకాడెమియా’ మాంగా (జపనీస్ బొమ్మల కథ), మనుషులకు వింత శక్తులుండే లోకంలో హీరోలు కావడానికి చదువుకునే పిల్లల కథ. అది యానిమేగా, అంటే టీవీ యానిమేషన్ ధారావాహికగా వచ్చాక, 2018 నుంచి 2024 దాకా దాని ఆధారంగా నాలుగు చిత్రాలు విడుదలయ్యాయి. ధారావాహికలో ఏదీ మారకూడదన్న కట్టుబాటుతో రాసినవి కనుక, ఎంత భారీ యుద్ధం జరిగినా చివరికి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండిపోవడం వీటన్నిటి జబ్బు. 2019 నాటి ‘హీరోస్ రైజింగ్’ చూడండి. నబు దీవిలో నైన్ అనే ప్రతినాయకుణ్ణి ఆపడానికి వేరే దారి లేక, కథానాయకుడు డెకు, ఒకరి నుంచి మరొకరికి అందించగలిగే తన వన్ ఫర్ ఆల్ శక్తిని, చిన్నప్పటి నుంచి తనను చులకన చేసిన బాకుగోకు ధారపోస్తాడు. తీరా చూస్తే శక్తి డెకు దగ్గరే మిగులుతుంది, బాకుగోకు జరిగిందేమీ గుర్తుండదు. ఇంత పెద్ద త్యాగాన్ని ఒక మతిమరుపుతో కొట్టిపారేస్తే, అంతసేపూ గుండె చిక్కబట్టుకుని చూసిన ప్రేక్షకుడు ఏమనుకోవాలి?

రెండో ఆట:
ఆ మతిమరుపు నాకూ మింగుడుపడలేదు. అయితే మీరు తప్పంతా కట్టుబాటు మీదికి నెడుతున్నారు. డెకుకు ఏమీ కాదని మనకు ముందే తెలుసు. ఆ ఒక్క చిత్రానికే పుట్టిన పాత్రకు ఏమవుతుందో తెలియదు. 2021లో వచ్చిన ‘వరల్డ్ హీరోస్ మిషన్’ నిలబడింది ఈ కిటుకు మీదే. తమ్ముణ్ణి, చెల్లెల్ని సాకడానికి దొంగ సరుకు చేరవేసే రోడి నోటితో ఏం బొంకినా, భుజం మీది పిట్ట పీనో చేష్టలు అతని మనసులోని మాటను బయటపెట్టేస్తాయి. ఆ పిట్టే అతని శక్తి అని తెలిశాక మొదటి సన్నివేశాల నుంచి మళ్లీ చూడాలనిపిస్తుంది. అదే చిత్రంలో ప్రతినాయకుడు ఫ్లెక్ట్ టర్న్ సంగతి వేరు: తాకబోయిన ప్రతిదాన్నీ తిప్పికొట్టే శక్తి వల్ల ఎవరి స్పర్శకూ నోచుకోని మనిషి గోడును ఆఖరి పోరాటం మధ్యలో గబగబా చెప్పేశారు. అది రచయితల తొందరే తప్ప కట్టుబాటు తప్పు కాదు.

మాంగా చదువరి:
రోడి విషయంలో ఒప్పుకుంటాను. మరి 2018 నాటి ‘టూ హీరోస్’ మాటేమిటి? డెకుకు వన్ ఫర్ ఆల్‌ను అందించిన గురువు, తన స్నేహితుడు అయిన ఆల్ మైట్ బలం తరిగిపోతోందని తెలిసి, నిలిపివేసిన తన శక్తి పెంచే పరికరాన్ని దక్కించుకోవడానికి దొంగతనం నాటకం ఆడించిన శాస్త్రవేత్త డేవిడ్ షీల్డ్ కథలో మంచివాడి తప్పు ఉంది. దాన్ని తేల్చకుండా, లోహపు గుట్టగా మారిన ప్రతినాయకుడు వోల్ఫ్రామ్ మీద ఆల్ మైట్, డెకు అనే గురుశిష్యుల జంట పిడిగుద్దుతో సరిపెట్టారు. ఆ గుద్దు కన్నులపండుగే, కాదనను.

రెండో ఆట:
2024 నాటి ‘యు ఆర్ నెక్స్ట్’ మీ వాదనకు ఎదురు నిలుస్తుంది. ధారావాహికలోని కమినో పోరాటం తర్వాత ఆల్ మైట్ వేలు చూపి అన్న ‘తర్వాత నువ్వే’ మాటను లోకం దుండగులకు హెచ్చరికగా వింటే, డెకు తనకిచ్చిన బాధ్యతగా విన్నాడు. ఈ చిత్రంలోని ప్రతినాయకుడు డార్క్ మైట్ తనకు దక్కిన వారసత్వంగా వింటాడు. ఇక్కడ ధారావాహికను మార్చలేదు, అందులోని ఒక్క మాటకు మూడో అర్థం తీశారు. ఆ అర్థాన్ని చివరిదాకా మోసే పాత్రగా డార్క్ మైట్‌ను తీర్చిదిద్దారా అని అడిగితే మాత్రం, లేదనే నా సమాధానం.