సమస్య: "గణపతికి రాదు వ్రాయంగ గంటమూని"

నిర్వాహకుడు (మూలాపేట, నెల్లూరు):
ఈ వారం తేటగీతి. చివరి పాదం పైన ఇచ్చాను (గంటం అంటే తాటాకు మీద రాసే ఇనుప కలం), మిగతా మూడు మీవి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం. ప్రాస నియమం లేదు కాబట్టి సాకులు కూడా లేవు. అరసున్నలు పెట్టలేదని నన్ను కొట్టొద్దు, ఫోన్లో వెతుక్కునే ఓపిక లేదు.

విషయం: ఏఐ రోజుల్లో పురాణకథతో మనకేం పని? గణపతికి రాయడం రాకపోవడమేందని మా వీధి పూజారి గారు అప్పుడే అలిగారు. ఆయన్ని మీ పద్యాలే ఊరడించాలి.

కందుకూరు అక్కయ్య:
ముందు ఒక సందేహం. "రాదు వ్రాయంగ"లో "వ్రా" ముందున్న "దు" గురువు కాదా? అయితే గణం చెడుతుంది కదా.

నిర్వాహకుడు:
కాదక్కయ్యా. అది వేరే పదం, సమాసం కాదు. పైగా "వ్రాయు" తెలుగు మాట. "దు"ను ఊది పలకం, లఘువే.

కావలి మాస్టారు:

ఆగ దీ గంట మని పల్క నాఖురథుడు,
వ్యాసు డనె "నర్థ మెఱుగక వ్రాయవలదు";
నాడు మొదలుగ భావమ్ము నాటకున్న
గణపతికి రాదు వ్రాయంగ గంటమూని.

నిర్వాహకుడు:
మాస్టారూ, పూజారి గారికి వినిపించాను, అలక తీరింది. కథలో ఉన్న ఇద్దరి షరతులూ రెండు పాదాల్లో పట్టాయి. చెబుతుంటే నా గంటం ఆగకూడదని గణపతి షరతు, అర్థం కానిది రాయకూడదని వ్యాసుడి షరతు. మనం మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంటాం. అసలు పట్టు రెండోదానిలో ఉంది. భారతంలో 8,800 ముడి శ్లోకాలున్నాయని చెప్పుకుంటారు. అవి నాకు తెలుసు, శుకుడికి తెలుసు, సంజయుడికి తెలుసో లేదో అంటాడు వ్యాసుడు. అలాంటి శ్లోకం దగ్గర గణపతి కూడా ఒక్క క్షణం ఆగేవాడట. ఆ క్షణంలో వ్యాసుడు ఇంకొన్ని అల్లుకునేవాడు.

"నాటకున్న" బాగుంది. మనసున అని వేరే చెప్పక్కర్లేకుండా వరి నారు గుర్తొచ్చింది, మనది మొలగొలుకుల వరి పండే సీమ కదా.

ఒంగోలు ప్లీడరు గారు:
పద్యం సరే. అయితే ఆ కథ అసలు భారతంలో లేదంటారు కదండీ. పుణేలో భండార్కర్ సంస్థ వాళ్ల పరిశోధిత ప్రతిలో దాన్ని మూలం నుంచి తీసి అనుబంధంలో పెట్టారు.

కావలి మాస్టారు:
నిజమే. తర్వాత ఎవరో చేర్చారు. చేర్చినాయన ఎవరో గానీ రాతగాడి కష్టం తెలిసినవాడు. వేగంగా ఎత్తిరాసేవాడికి అర్థం పట్టదని ఆయనకు అనుభవం ఉండుంటుంది. నాకైతే అందుకే ఆ కథ మరీ ఇష్టం.

కందుకూరు అక్కయ్య:

ఫోను తట్టిన వ్యాసమ్ము పుట్టునంట
పలక బలపము కనలేదు పసితనాన
మనుమ డెనిమిదో తరగతి, మాటకేమి!
గణపతికి రాదు వ్రాయంగ గంటమూని.

వాడి పేరు నిజంగా గణపతి కాదులెండి. హోంవర్కు మాత్రం నిజం.

కావలి మాస్టారు:
హాయిగా ఉందమ్మా. "పుట్టునట" అనాలి, "అంట" మాటల్లో వాడేది. అయితే "పుట్టునట" అంటే గణం చెడుతుంది, కాబట్టి ఉండనీ. అసలు లోపం వేరే. ఎనిమిదో తరగతి పిల్లాడి చేతికి గంటం ఎక్కడిది? సమస్య పాదంలో ఉంది కాబట్టి వచ్చింది తప్ప కథలోంచి రాలేదు. "వ్యాసమ్ము"లో వ్యాసుణ్ణి దాచారు చూడండి, దానికి మార్కులు వేస్తాను.

కందుకూరు అక్కయ్య:
ఒప్పుకుంటున్నా. నాకు వాణ్ణి చూస్తే యక్షప్రశ్నలే గుర్తొస్తాయి. జవాబు చెప్పి నీళ్లు తాగమంటే నలుగురు తమ్ముళ్లూ వినకుండా తాగి పడిపోయారు. వీడూ అంతే, ముందు తాగేస్తాడు. అన్నట్టు అది అరణ్యపర్వంలో నన్నయ వదిలేస్తే మా గుడ్లూరు ఎఱ్ఱన పూర్తి చేసిన భాగం. 2022లో జిల్లాలు మార్చి మమ్మల్ని నెల్లూరులో కలిపినప్పుడు తిక్కనా ఎఱ్ఱనా ఇద్దరూ ఒకే జిల్లా వాళ్లయ్యారు. ఒంగోలు వాళ్లు ఏమనుకున్నా సరే!

ఒంగోలు ప్లీడరు గారు:
అనుకునేదేముంది, ఎఱ్ఱన కొలువున్న అద్దంకి మాకే ఉంటే చాలనుకున్నాం, అప్పుడే అదీ జిల్లా దాటింది. ఇదుగో నాది:

రాముశిర మిది యనె మాయ రావణుండు,
నేటి ఫోనులో మాయలు నిజము బోలు;
నమ్మ వచ్చునె యొకడిట్లు నాకు చెప్ప
"గణపతికి రాదు వ్రాయంగ గంటమూని"?

నిర్వాహకుడు:
"అని ఎవరో చెబితే నమ్మాలా" అన్న పూరణ పాత దారే, ఏ సమస్యకైనా పనికొస్తుంది. కానీ మొదటి పాదం దాన్ని నిలబెట్టింది. డీప్‌ఫేక్ గురించి ఇంతకంటే పాత కేసు ఎవరూ తేలేరు. ఒక్క అభ్యంతరం. ఆ తల మాయతో చేసింది విద్యుజ్జిహ్వుడనే రాక్షసుడు, రావణుడు సీతకు చూపించాడంతే. "మాయ రావణుండు" అంటే రావణుడే మాయవాడేమో అనిపిస్తుంది.

ఒంగోలు ప్లీడరు గారు:
విద్యుజ్జిహ్వుణ్ణి తేటగీతిలో ఇరికించి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. నా బాధ అది కాదు. సీతకు సరమ ఉంది, పక్కన కూర్చుని అది మాయ అమ్మా అని చెప్పింది. మా క్లయింట్లకు సరమ ఎక్కడినుంచి తేను?

బుజబుజ నెల్లూరు తమ్ముడు:
అందరికీ నమస్కారం. ఇది యంత్రంతో రాయించాను, దాచడం లేదు.

యంత్ర మేధస్సు లోకాన వెలసె నేడు
కథలు కవితలు క్షణములో కల్పనౌను
మానవుని బుద్ధి మిన్న యంత్రముల కన్న
గణపతికి రాదు వ్రాయంగ గంటమూని.

కావలి మాస్టారు:
నాయనా, గణాలు సరిపోయాయి, ఆశ్చర్యమే. ఒకటో పాదంలో యం–వె యతి కాదు. మూడో పాదంలో యతి పోయి "త్ర" మీద పడింది. "కల్పనౌను" అంటే ఏమిటో నాకు తెలియదు. వీటన్నిటికంటే పెద్ద తప్పు, మూడో పాదానికీ నాలుగో పాదానికీ చుట్టరికమే లేదు. పక్కపక్కన నిలబెడితే పూరణ అవుతుందా?

బుజబుజ నెల్లూరు తమ్ముడు:
నాలుగుసార్లు దిద్దమన్నాను సార్. ప్రతిసారీ క్షమించమని, ఇప్పుడు యతి చక్కగా కుదిరిందని చెప్పింది. యకార వకారాలకు మైత్రి అని నాకే పాఠం! నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, అది మాటల్ని ముక్కలు చేసుకుని, ఇంతవరకు వచ్చినదాని తర్వాత ఏ ముక్క రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి పెడుతుంది. తెలుగు మాట ఒక్కోసారి అక్షరం మధ్యలోనే తెగుతుంది. లఘువూ గురువూ వినడానికి దానికి చెవి లేదు.

నిర్వాహకుడు:
అంటే గణపతి షరతు ఒప్పుకుంది, వ్యాసుడి షరతు ఒప్పుకోలేదు. తమ్ముడూ, ఈసారి నువ్వే రాయి. గడువు ఆదివారం దాకా పొడిగించాను.

బుజబుజ నెల్లూరు తమ్ముడు (శనివారం రాత్రి):

అర్థమైనను లేకున్న నాగకుండ
వ్రాయ గలదోయి యంత్రమ్ము రాత్రి పవలు;
అంత వడి యేల, తెలియక యట్లు పరుగు
గణపతికి రాదు వ్రాయంగ గంటమూని.

కావలి మాస్టారు:
"రాదు" దేనికి చెందుతుందో మార్చేశాడయ్యా! రానిది రాయడం కాదు, తెలియకుండా పరుగెత్తడం. ఇది నాకు తట్టలేదు. ఎన్నాళ్లు పట్టింది?

బుజబుజ నెల్లూరు తమ్ముడు:
మూడు రాత్రులు సార్. ఆ "వ్రా–రా" యతి చెల్లుతుందో లేదోనని ఒకటే టెన్షన్.

కావలి మాస్టారు:
చెల్లుతుంది. "వ్రా"లో రేఫ ఉందిగా. "గలదోయి"లో "ఓయి" మాత్రం గణం కోసం పెట్టావు, నాకు తెలుసు.