స్పెక్ట్రమ్‌లోకి ఆటలు ఎక్కించాలంటే ఫోనూ వైరూ చాలా, కార్డు పరికరం కొనాలా?

రాజోలు:
మామయ్య ఎప్పుడో విదేశం నుంచి తెచ్చిన 48కె జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్ అటక మీద దొరికింది. టీవీకి తగిలిస్తే '1982 సింక్లెయిర్ రీసెర్చ్' అని అక్షరాలు వచ్చాయి! ఆటలున్న క్యాసెట్లు మాత్రం బూజు పట్టిపోయాయి. నెట్‌లో ఆటలను టీజెడ్‌ఎక్స్ ఫైళ్లుగా, అంటే క్యాసెట్లకు నకళ్లుగా, దించుకున్నాను. వాటిని ఎక్కించడానికి ఒకరు ఫోనులో మోగించి ఆ శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపడానికి వైరు చాలన్నారు, మరొకరు కార్డు కొనమన్నారు. ఎవరి మాట వినాలి?

భీమవరం:
కార్డే కొనండి. డివ్‌ఎంఎంసి అనే కార్డు పరికరాన్ని వెనక తగిలించుకుంటే మెమరీ కార్డులోంచి ఆట క్షణాల్లో వచ్చేస్తుంది. వైరుతో అయితే ఐదు నిమిషాలదాకా కూర్చోవాలి. మన కరెంటు సంగతి తెలిసిందే, నాలుగో నిమిషంలో రెప్పపాటు పోయినా కథ మళ్లీ మొదటికే.

అమలాపురం:
కరెంటు పోతే కార్డుతో ఎక్కించిన ఆట మాత్రం మిగులుతుందా అండీ? దానికి ఇన్వర్టరే మందు.

రాజోలు గారూ, డబ్బు పెట్టే ముందు కంప్యూటర్ వెనకంచు చూడండి. డివ్‌ఎంఎంసి తగిలేది అక్కడే. కోనసీమ గాలికి ఇన్నేళ్లలో ఆ లోహపు పట్టీలు చిలుము పట్టి ఉంటాయి. పరికరం సరిగా అతకకపోతే కంప్యూటర్ మొరాయిస్తుంది. పొరపాటున కరెంటు ఉండగా తగిలించారా, చిప్పులే కాలిపోవచ్చు. క్యాసెట్ శబ్దం లోపలికి వెళ్లే ఇయర్ సాకెట్‌తో ఈ బెడద లేదు. రెండు వైపులా 3.5 ఎంఎం పిన్ను ఉన్న వైరు దొరక్కపోతే మైకుసెట్ల షాపులో అడగండి, అక్కడే టంకం వేసి ఇస్తారు.

ఫైలును వేవ్‌గా, అంటే కుదించని శబ్దపు ఫైలుగా, మార్చండి, ఎంపీ3 వద్దు. స్పెక్ట్రమ్ కొలిచేది ఆ శబ్దంలోని ఒక్కో పల్సు పొడవును. 1 అంకెకు వాడే పల్సు 0 అంకెకు వాడే పల్సుకు రెట్టింపు ఉంటుంది. చెవికి తెలియదన్న ధీమాతో ఎంపీ3 ఆ అంచులను అరగదీస్తుంది. ఫోనును విమానం మోడ్‌లో పెట్టి, ఈక్వలైజర్ తీసేసి, శబ్దం బాగా పెంచండి. జె మీట నొక్కితే 'లోడ్' మాట మొత్తం పడుతుంది, తరువాత సింబల్ షిఫ్ట్‌తో పి రెండుసార్లు, ఆపై ఎంటర్. తెర అంచున ముందు ఎరుపు, లేతనీలం చారలు వెడల్పుగా కదులుతాయి, ఆ తరువాత నీలం, పసుపు చారలు సన్నగా పరుగెడతాయి. 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్' వస్తే ముందు శబ్దాన్ని సరిచేయండి, కంప్యూటర్‌ను తిట్టకండి.

భీమవరం:
ఇప్పుడు చాలా ఫోన్లకు హెడ్‌ఫోన్ సాకెట్టే లేదు కదా!

అమలాపురం:
ఛార్జింగ్ సాకెట్‌కు పెట్టుకునే చిన్న అడాప్టర్లు దొరుకుతున్నాయి. డివ్‌ఎంఎంసి ధరలో అది ఏ మూలకు?

పాలకొల్లు:
బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకంలో ఇచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ లాంటిదే నా దగ్గరుంది. ఫ్లాపీలతో నా అవస్థ చెప్పతరం కాదు. 80 ట్రాకుల (డిస్కు మీది గుండ్రటి గీతల) డ్రైవులో రాసిన 40 ట్రాకుల డిస్కును పాత డ్రైవు సరిగా చదవదు, గీత సన్నగా పడుతుంది మరి. దానికీ క్యాసెట్ పోర్టు ఉంది కాబట్టి నా ఓటు వైరుకే.

రాజోలు:
వెనకంచు చూశాను, పచ్చగా ఉంది. ముందు వైరే.

భీమవరం:
సరే, మీ ఇష్టం. ఆ పచ్చదనాన్ని మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఉంచండి. నాలుగు ఆటలు ఎక్కించాక మీరే కార్డు ధర అడుగుతారు.