హ్యూగో కూతురి సమాధి ఉన్న విల్కియే: పారిస్ నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):
అందరికీ నమస్కారం. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. మే నెలలో నేను, మా ఆవిడ పారిస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఐఫెల్ టవర్, లూవ్ర్ మ్యూజియం తను చూపిస్తానంది. నాకు మాత్రం ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో మీద గురి. ఆయన ‘లే మిజరాబ్ల్’ నవల ఆధారంగా తీసిన, నాగయ్య గారు వేసిన ‘బీదలపాట్లు’ సినిమా గురించి చిన్నప్పుడు మా నాన్నగారు చెప్పి చెప్పి ఆ పిచ్చి నాకూ అంటించారు. సీన్ నది ఒడ్డున విల్కియే అనే పల్లెలో హ్యూగో కూతురి సమాధి ఉందని చదివాను. ఎవరైనా చూశారా? అంత దూరం వెళ్ళడం దండగ అంటోంది మా అమ్మాయి.

అరండల్‌పేట కుర్రాడు:
అంకుల్, ఆ వైపే వెళ్ళేటట్లయితే జివెర్నీ చూడండి. మోనే అనే చిత్రకారుడి ఇల్లు, కలువల చెరువు ఉంటాయి. ఫొటోలు అదిరిపోతాయి. సమాధి కోసం ఒక రోజంతా ఎందుకండీ?

కృష్ణలంక అమ్మాయి (విజయవాడ):
మాస్టారూ, మీరు వెళ్ళండి. నేను విల్కియేకి దగ్గర్లోని రువాన్ నగరంలో చదువుకున్నాను. సెలవు దొరికితే అటే పోయేదాన్ని.

జివెర్నీ బాగుంటుంది, కాదనను. కానీ మే నెలలో అక్కడ పూలకన్నా జనమే ఎక్కువ కనపడతారు. విల్కియేలో ప్రత్యేకంగా చూసేవి ఏటిగట్టు, హ్యూగో అల్లుడి కుటుంబమైన వాక్‌రీ వాళ్ళ ఇల్లు, చర్చి పక్కన సమాధులు, అంతే. సంగతి తెలియకుండా వెళ్తే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కాబట్టి మేడమ్ గారికి రైల్లోనే కథంతా చెప్పేయండి.

హ్యూగో కూతురు లియోపోల్డీన్‌కి షార్ల్ వాక్‌రీతో 1843 ఫిబ్రవరిలో పెళ్ళయింది. సెప్టెంబర్ 4న షార్ల్‌కి పక్కనే ఉన్న కోద్‌బెక్‌లో నోటరీ దగ్గర పని పడింది. పడవలో వెళ్ళారు. తిరిగొస్తుంటే కొండల సందులోంచి ఒక్కసారిగా గాలి కొట్టి పడవ తిరగబడింది. మొగుడూ పెళ్ళాలతో పాటు షార్ల్ బాబాయి, ఆయన చిన్న కొడుకు, నలుగురూ పోయారు. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు. షార్ల్‌కి ఈత బాగా వచ్చు, అయినా ఆమెని వదిలి బయటికి రాలేదు. ఇద్దర్నీ ఒకే పెట్టెలో పెట్టి పూడ్చారు. హ్యూగో అప్పుడు స్పెయిన్ వైపు వెళ్ళి తిరిగొస్తున్నాడు. 9వ తేదీన రోష్‌ఫోర్‌లో ఒక కాఫీ హోటల్లో పేపర్ తిరగేస్తుంటే వార్త కనపడింది. అప్పటికే అక్కడ అంత్యక్రియలు అయిపోయాయి.

సముద్రపు పోటుకి పడవ మునిగిందని కొందరు చెప్తారు, నమ్మకండి. ఆ రోజు పని చేసింది గాలి. అయితే పోటు మాట వట్టిది కాదు. సీన్‌లోకి సముద్రం పోటు రువాన్ దాటి పోజ్ ఆనకట్ట దాకా వస్తుంది. మన బ్యారేజీ మీద నిలబడి కృష్ణని చూసే అలవాటున్న నాకు, ఏరు వెనక్కి పారడం మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. ఒకప్పుడు ఆ పోటు గోడలాంటి అలగా ఎదురు వచ్చేదట, చూడ్డానికి జనం గట్టు మీద చేరేవాళ్ళట. గట్లు కట్టి, నది అడుగు తవ్వాక 1960ల్లో అది ఆగిపోయింది. ఇప్పుడు రువాన్ రేవుకి వెళ్ళే పెద్ద ఓడలు ఇళ్ళ ముందు నుంచే పోతుంటాయి. అక్కడ ఒక గంట ఊరికే కూర్చోండి.

వాక్‌రీలు ఓడలు కట్టించే కుటుంబం. వాళ్ళ ఇల్లే ఇప్పుడు హ్యూగో మ్యూజియం. గట్టున హ్యూగో విగ్రహం నది వైపు చూస్తూ ఉంటుంది. నన్ను పట్టేసింది మాత్రం సమాధుల దగ్గర ఒక రాయి. దాని మీద ‘అదేల్, విక్టర్ హ్యూగో భార్య’ అని ఉంటుంది, అంతే. ఆవిడ కూతురి దగ్గరే ఉంది. ఆయన పారిస్‌లో, దేశంలోని గొప్పవాళ్ళ సమాధులుండే పాంథియోన్‌లో ఉన్నాడు, దేశం గర్వంగా దాచుకుంది. నాకెందుకో కోపం వచ్చింది.

1856లో అచ్చయిన ‘కోంతాంప్లాసియోఁ’ కవితల పుస్తకం ఆయన రెండు భాగాలు చేశాడు: అప్పుడు, ఇప్పుడు. రెండో భాగం మొదట్లో ఒక పేజీలో 4 సెప్టెంబర్ 1843 అన్న తేదీ, కింద చుక్కల వరస, ఇంకేం ఉండదు. తెలుగు చెప్పినవారు, ఆ పేజీ మీకు నేను వివరించక్కర్లేదు. రేపు తెల్లారగానే బయల్దేరతానని కూతురి సమాధి దగ్గరికి నడిచిపోయే పద్యం కూడా అందులోదే. అది చదువుకునే వెళ్ళండి.

బ్రాడీపేట మాస్టారు:
చాలా సంతోషం అమ్మా. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నడక ఎక్కువా? శాకాహారం దొరుకుతుందా?

కృష్ణలంక అమ్మాయి:
గట్టు మీద నడక చదునే. చర్చి దగ్గరికి కాస్త ఎక్కాలి, నిదానంగా వెళ్తే టెన్షన్ లేదు.

పారిస్‌లో సాఁ-లజార్ స్టేషన్ నుంచి రువాన్‌కి రైలు గంటన్నర. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు. పల్లెల వైపు బస్సులు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ. మోకాళ్ళ సంగతి కాబట్టి అమ్మాయిని రువాన్‌లో కారు అద్దెకి తీసుకోమనండి. దారిలో జుమియెజ్ మఠం శిథిలాలు కూడా చూడొచ్చు. ఆ జిల్లాలో నది దాటించే బల్లకట్లకి కారుతో సహా టికెట్ ఉండదు, ఒకసారి ఎక్కండి, మేడమ్ గారికి నచ్చుతుంది.

తిండికి ఆ ఊరిని నమ్ముకోవద్దు. పులిహోర కట్టుకెళ్ళండి, గట్టు మీద బెంచీలున్నాయి. మ్యూజియానికి వారంలో సెలవు రోజు ఉంటుంది, మధ్యాహ్నం కూడా కాసేపు మూస్తారు. మే 1, 8 తేదీలు అక్కడ సెలవులు. టైమింగ్స్ చూసుకునే కదలండి.

ఇంకో మాట. ముందు రోజు పారిస్‌లో ప్లాస్ దే వోజ్ దగ్గర హ్యూగో ఉన్న ఇల్లు చూడండి. లియోపోల్డీన్ పెరిగింది అక్కడే. శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు.